ఆ ఒక్క ‘ఇఫ్’ లోపల ఏం జరుగుతుంది?

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది సీ భాషలో కోడ్ రాసినవాళ్లే. మాలాక్‌తో మెమరీ అడుగుతాం, వెంటనే ‘నల్ వచ్చిందా’, అంటే మెమరీ దొరకలేదా, అని చూడటానికి ఒక ఇఫ్ పెడతాం. ఆ ఇఫ్ లోపల రాసిన నాలుగు లైన్లు నిజంగా నడవడం ఎప్పుడైనా చూశారా? ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్ల వరకు నేనైతే చూడలేదు. పదహారు జీబీల ల్యాప్‌టాప్‌లో మాలాక్ కాదనడం దాదాపు ఉండదు. కానీ అదే కోడ్ చిన్న పరికరంలోకో, మెమరీకి గట్టి పరిమితి పెట్టిన చోటుకో వెళ్తే ఆ నాలుగు లైన్లు నడిచి తీరతాయి. అవి డేటాబేస్‌లోవి అయితే అప్పుడు చిక్కుకునేది జనం డేటా.

ఈ విషయంలో నేను ఎక్కువ నేర్చుకున్నది ఎస్‌క్యూలైట్ నుంచి. 2000లో డి. రిచర్డ్ హిప్ మొదలుపెట్టిన ఈ డేటాబేస్ ఇప్పుడు మీ అందరి జేబుల్లోనూ ఉంది. ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండూ దాన్ని వాడతాయి. 2023లో వచ్చిన 3.42 వెర్షన్ నాటికి అసలు కోడ్ సుమారు లక్షా యాభై ఆరు వేల లైన్లు. దాన్ని పరీక్షించే కోడ్ అంతకు 590 రెట్లు. అందులో ఒక భాగం పూర్తిగా మెమరీ దొరకని పరిస్థితి కోసమే.

పద్ధతి చెబితే ఇంతేనా అనిపిస్తుంది. ఎస్‌క్యూలైట్‌లో మాలాక్ స్థానంలో మన సొంత ఫంక్షన్ పెట్టుకోవచ్చు. మన ఫంక్షన్‌లో ఒక కౌంటర్ ఉంటుంది. ‘ఇన్నోసారి అడిగినప్పుడు లేదని చెప్పు’ అని ముందే చెబుతాం. ఇప్పుడు ఒక టేబుల్‌లో ఒక్క వరస ఇన్సర్ట్ చేస్తున్నాం అనుకోండి. ఆ పనికి మొత్తం నలభై సార్లు మెమరీ కావాలనుకుందాం. మొదటి రౌండులో మొదటిసారే లేదంటాం. రెండో రౌండులో ఒకటి ఇచ్చి రెండోది లేదంటాం. ఇలా ఒక్కొక్కటే జరుపుకుంటూ పోతాం. ఒక రౌండులో ఎస్‌క్యూఎల్ వాక్యాన్ని చదువుతుండగానే దెబ్బ తగులుతుంది. ఇంకో రౌండులో, మార్పుల్ని వెనక్కి తీసుకోవడానికి ఉంచుకునే జర్నల్ ఫైల్ తెరిచాక, పేజీ సగం మార్చాక తగులుతుంది. నలభై ఒకటో రౌండులో ఎక్కడా అడ్డు తగలదు, పని పూర్తవుతుంది. లూప్ అక్కడ ఆగుతుంది.

ప్రతి రౌండు తర్వాతా చూడాల్సినవి ఉన్నాయి. ప్రోగ్రామ్ కూలిపోలేదంటే సరిపోదు. మెమరీ లేదనే ఎర్రర్ పైదాకా వచ్చిందా? ఎస్‌క్యూలైట్‌లో దాని నంబరు 7. ఆ వరస పూర్తిగా ఉండాలి, లేదా అసలు ఉండకూడదు. ఇంటెగ్రిటీ చెక్‌లో ఫైల్ బాగుందని రావాలి. తీసుకున్న మెమరీ అంతా తిరిగి ఇచ్చేయాలి.

ఇదంతా రెండుసార్లు చేస్తారు. ఒకసారి, మొదటి వైఫల్యం తర్వాత ఇక ఎప్పుడు అడిగినా లేదనే చెబుతారు. సర్దుకునే కోడ్‌కే మళ్లీ మెమరీ కావాల్సి వస్తే అది ఇక్కడ పట్టుబడుతుంది. మెమరీ లేదని చెప్పే సందేశం తయారు చేయడానికి మెమరీ అడిగితే ఎలా? అందుకే ఎస్‌క్యూలైట్‌లో ఆ సందేశం ముందే సిద్ధంగా ఉంటుంది. ఇంకోసారి, ఒక్కసారి మాత్రమే లేదని, ఆ తర్వాత మామూలుగా ఇచ్చేస్తారు. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఈ రెండోదే. మధ్యలో ఏదో ఒక ఫంక్షన్ ఆ ‘లేదు’ను పట్టించుకోకుండా ముందుకెళ్లిపోతుంది, తర్వాతివన్నీ దొరుకుతాయి, చివర్లో ‘అంతా సక్సెస్’ అని వస్తుంది. జవాబు మాత్రం తప్పు. కూలిపోయిన ప్రోగ్రామ్ కనీసం కనిపిస్తుంది, ఇది కనిపించదు.

అలాగని మెమరీ దొరకని ప్రతిసారీ ఎర్రర్ రావాలనీ కాదు. త్వరగా వెతకడానికి లోపల వాడే హ్యాష్ టేబుల్‌ను పెద్దది చేయడానికి మెమరీ దొరకలేదనుకోండి, ఉన్న చిన్న టేబుల్‌తోనే సర్దుకుంటుంది. వెతకడం కాస్త నెమ్మదిస్తుంది, అంతే. పరీక్ష రాసేవాళ్లు ఈ తేడా తెలుసుకుని రాయాలి.

నేను రాసిన ఒక లైను మీకు చూపిస్తాను. బఫర్ పేరు బి. దాన్ని పెంచడానికి ‘బి ఈక్వల్ టు రీఅలాక్ ఆఫ్ బి’ అని రాశాను. చూడటానికి తప్పేం లేదు. కానీ రీఅలాక్ విఫలమైతే పాత మెమరీ అలాగే ఉంటుంది, తిరిగొచ్చేది నల్. ఆ నల్ బిలోకి వెళ్లగానే పాత మెమరీ చిరునామా పోయింది. ఇక దాన్ని విడిపించలేం. రివ్యూలో ముగ్గురం చదివాం, ఎవరికీ కనిపించలేదు. ఈ లూప్ పెట్టిన రోజే లీక్ బయటపడింది.

పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ దారి వేరు. అక్కడ పాలాక్ అనే ఫంక్షన్ మామూలుగా నల్ ఇవ్వదు. మెమరీ దొరకకపోతే నేరుగా ఎర్రర్ విసురుతుంది, ట్రాన్సాక్షన్ రద్దవుతుంది, దాని కోసం తీసుకున్న మెమరీ మొత్తం ఒక్కసారే విడుదలవుతుంది. ప్రతి చోటా ఇఫ్ రాయాల్సిన పని తప్పింది.

అయితే లైనక్స్‌తో ఒక చిక్కుంది. అది చాలాసార్లు చేతిలో లేని మెమరీని కూడా ‘సరే’ అని ఒప్పేసుకుంటుంది. తీరా వాడబోతే చోటుండదు, కెర్నల్ ఏదో ఒక ప్రాసెస్‌ను చంపేస్తుంది. చంపడానికి అది పంపే సిగ్నల్‌ను ఏ ఇఫ్ పట్టుకోలేదు. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్క కనెక్షన్ ప్రాసెస్ అలా చచ్చినా, అందరూ పంచుకునే మెమరీ చెడిందేమోనని మిగతా కనెక్షన్లన్నీ ఆపేసి రికవరీ మొదలవుతుంది. అందుకే, లైనక్స్ ఇలా ఒప్పేసుకోవడాన్ని అదుపు చేసే ఓవర్‌కమిట్ సెట్టింగ్‌ను 2కి మార్చుకోమని పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంట్లు సూచిస్తాయి. అప్పుడు ‘లేదు’ అనే మాట అడిగినప్పుడే వచ్చే అవకాశం ఎక్కువ, మన ఇఫ్‌కు పని దొరుకుతుంది.

మీ ప్రాజెక్టులో ఇది మొదలుపెట్టాలంటే, మెమరీ అడిగే కాల్స్ అన్నీ ఒకే ఫంక్షన్ గుండా పోయేలా మార్చండి, దానిలో కౌంటర్ పెట్టండి. ఇరవై ముప్పై లైన్ల పని. రెండు జాగ్రత్తలు మాత్రం మర్చిపోవద్దు. పరీక్ష కోడ్ తన కోసం అడిగే మెమరీ ఆ లెక్కలోకి రాకూడదు. ప్రతి రౌండుకూ డేటాబేస్ ఫైల్‌ను కొత్త కాపీతో, కొత్త కనెక్షన్‌తో తెరవాలి. లేకపోతే కిందటి రౌండులో నిండిన క్యాష్ వల్ల, అంటే మళ్లీ వాడటానికి మెమరీలో దాచుకున్న డేటా వల్ల, లెక్క మారిపోతుంది, పదిహేడోది అనుకుని ఆపింది వేరే చోట పడుతుంది.