అమెరికాలో చిన్న ఊరు, తెల్లవాళ్ళు 96 శాతం: ఆ అంకె ఎట్టా చదవాలి?

హోస్ట్: నమస్తే అండి. ఈసారి రికార్డింగ్ గుంటూరులో, బ్రాడీపేటలో మా బాబాయ్ వాళ్ళింట్లో. స్టాటిస్టిక్స్ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. విషయం ఏందంటే, విజయవాడ నుంచి ఒకావిడ వాయిస్ మెసేజ్ పెట్టారు, వాళ్ళమ్మాయికి అమెరికాలో ఒక చిన్న టౌన్‌లో హాస్పిటల్ జాబ్ వచ్చిందంట, ఈవిడ ఆ ఊరి పేరు ఫోన్లో కొట్టి చూస్తే జనాభా 1,500, తెల్లవాళ్ళు 96 శాతం, ఏషియన్లు 0.13 శాతం అని వచ్చిందంట, అది చూసిన కాడ్నించీ ఆవిడకి నిద్ర లేదు. మా పిల్ల ఆ ఊళ్ళో ఎట్టా ఉంటదండీ అని అడిగారు. చెప్పు బాబాయ్.

బాబాయ్: ఆవిడ భయం నాకు అర్థమవుద్ది, మా పెద్దమ్మాయిని పంపినప్పుడు మేమూ ఇట్టాగే పట్టికలు చూసుకున్నాం. ముందు ఆ 0.13ని మనుషుల్లోకి మార్చు. 1,500లో 0.13 శాతం అంటే ఎంతమంది?

హోస్ట్: ఇద్దరు.

బాబాయ్: ఇద్దరే. భార్యాభర్తలో, అన్నాచెల్లెళ్ళో, ఎవరో ఒక ఇంటివాళ్ళు. వాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తే అది సున్నా, వాళ్ళకో బిడ్డ పుడితే ఒక్కసారిగా సగం పెరిగినట్టు కనపడుద్ది. పెద్ద సిటీకి శాతం పనికొస్తది గానీ, ఇంత చిన్న ఊరికి తలకాయలు లెక్కేసుకోవాలి. ఇంకోటి, 2020 లెక్కల్లో వాళ్ళ సెన్సస్ బ్యూరో చిన్న చిన్న చోట్ల అంకెల్ని కావాలనే కొద్దిగా అటూ ఇటూ కదిపింది.

హోస్ట్: కావాలనా? ఎందుకు?

బాబాయ్: ఊళ్ళో ఏషియన్లు ఇద్దరే ఉంటే వాళ్ళ వయసు, ఇంట్లో ఎంతమంది, అన్నీ కలిపి ఎవరైనా పట్టేయొచ్చు కదా. ఎవరి వివరం బయటపడకుండా అట్టా చేశారు. రాష్ట్రం మొత్తం జనాభా మాత్రం ముట్టుకోలేదు. అంటే ఆవిడ చూసిన ఇద్దరు నిజంగా ఇద్దరో, నలుగురో, అసలెవరూ లేరో. ఇక పదేళ్ళ లెక్క కాకుండా ఏటా చేసే శాంపిల్ సర్వే ఒకటుంది, అమెరికన్ కమ్యూనిటీ సర్వే అని. 65 వేలకన్నా తక్కువ జనాభా ఉన్న ఊళ్ళకి దాంట్లో ఐదేళ్ళది కలిపి ఇస్తారు, పక్కన పొరపాటు ఎంత ఉండొచ్చో అది కూడా రాస్తారు. ఒక్కోసారి ఆ పొరపాటే అసలు అంకెకంటే పెద్దది. ఫోన్లో చూసేవాళ్ళకి అది కనపడదు, అదే నా బాధ.

హోస్ట్: సరే, మరి 96 శాతం తెల్లవాళ్ళు, అది పెద్ద అంకే కదా.

బాబాయ్: పెద్దదే. కానీ తెల్లవాళ్ళు అనే గడిలో ఎవరెవరు పడతారు అనేది చూడాలి. అమెరికా సెన్సస్ ఫారంలో రేస్, అంటే తెల్లా, నల్లా, ఏషియనా అనే జాతి, ఒక ప్రశ్న, హిస్పానిక్ అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలం అవునా కాదా అనేది ఇంకో ప్రశ్న. మెక్సికో నుంచి వచ్చినాయన హిస్పానిక్ అని టిక్ పెట్టి, రేస్ దగ్గర వైట్ అని పెట్టొచ్చు. అందుకే కొన్ని ఊళ్ళకి వైట్ 80, హిస్పానిక్ 40 అని కలిపితే 100 దాటుద్ది, చూసినవాళ్ళు లెక్క తప్పింది అనుకుంటారు. అరబ్బు దేశాల వాళ్ళూ ఇరానియన్లూ ఇన్నాళ్ళూ వైట్ కిందే. 2024 మార్చిలో రూల్ మార్చారు, రెండు ప్రశ్నలూ ఒకటి చేసి, మిడిల్ ఈస్ట్ వాళ్ళకి వేరే గడి పెట్టాలని. 1960 ముందు దాకా అయితే మనిషిని అడగడం కూడా లేదు, ఇంటింటికీ వచ్చి లెక్క రాసుకునే ఎన్యూమరేటర్ మొహం చూసి రాసుకునేవాడు.

హోస్ట్: మనోళ్ళని ఏమని రాసేవాళ్ళు?

బాబాయ్: అదే అందరికీ తెలియాలి. 1920 నుంచి 1940 దాకా రేస్ దగ్గర హిందూ అని రాసేవాళ్ళు, సిక్కులైనా ముస్లింలైనా అంతే. 1923లో భగత్ సింగ్ థిండ్ అని ఒక సిక్కు, అమెరికా సైన్యంలో పనిచేసినాయన, పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్తే నువ్వు తెల్లవాడివి కాదు పొమ్మన్నారు. అదే దేశంలో 1970 సెన్సస్‌లో ఇండియన్లని వైట్ కింద వేశారు. అక్కడున్న మన సంఘాలు కూర్చుని మాకు వేరే గడి కావాలని అడిగితే 1980లో ఏషియన్ ఇండియన్ అని వచ్చింది. అరవై ఏళ్ళల్లో మూడు పేర్లు, మనిషి మాత్రం ఆ మనిషే.

హోస్ట్: అంటే పదేళ్ళ క్రితం అంకెతో ఇప్పటిది పోల్చినా తేడా వస్తదా?

బాబాయ్: వస్తది. రెండు మూడు రేస్‌లు టిక్ పెట్టుకోవచ్చని 2000లో ఇచ్చారు. 2010లో అట్టా పెట్టినవాళ్ళు 90 లక్షలు, 2020లో 3 కోట్ల 38 లక్షలు. పదేళ్ళల్లో అంతమంది పుట్టుకురాలేదురా, ఫారంలో రాసే చోటు పెంచారు, రాసినదాన్ని ఏ గడిలో వెయ్యాలో తేల్చే పద్ధతి మార్చారు, కొందరు తమ గురించి చెప్పుకునే తీరూ మారింది. మా ఊళ్ళో తెల్లవాళ్ళు ఇంత తగ్గిపోయారు అని అక్కడ గోల చేసేవాళ్ళు ఈ ముక్క చదవరు.

హోస్ట్: ఇంకో డౌట్. కొన్ని చిన్న ఊళ్ళల్లో నల్లవాళ్ళు చాలామంది అని చూపిస్తది, తీరా వెళ్తే వీధిలో ఒక్కరూ కనపడరంట, మా ఫ్రెండ్ చెప్పాడు.

బాబాయ్: జైలు ఉండి ఉంటది. ఖైదీని సొంతూరి లెక్కలో వెయ్యరు, జైలున్న ఊరి లెక్కలో వేస్తారు. అయోవాలో అనమోసా అని ఒక టౌన్, అక్కడో వార్డులో దాదాపు 1,300 మంది ఖైదీలే, బయట ఇళ్ళల్లో ఉండేవాళ్ళు చాలా కొద్దిమంది. ఖైదీలకి ఓటు లేదు, జనాభా మాత్రం వార్డుకి లెక్కే. అక్కడ ఒకాయన రెండే ఓట్లతో కౌన్సిలర్ అయిపోయాడు. తర్వాత ఆ ఎన్నిక పద్ధతి మార్చుకున్నారులే. కాలేజీ హాస్టళ్ళు, మిలటరీ క్యాంపులు ఉన్న ఊళ్ళల్లోనూ ఇదే. అందుకని శాతం చూసేముందు ఆ ఊళ్ళో జైలో, కాలేజో, ఫ్యాక్టరీయో ఏముందో చూడాలి.

హోస్ట్: ఫ్యాక్టరీ ఎందుకు?

బాబాయ్: పని ఎక్కడుంటే జనం అక్కడే. అదే అయోవాలో స్టార్మ్ లేక్ అని ఉంది, మాంసం ప్యాక్ చేసే ప్లాంట్లు ఉన్న ఊరు. ఆగ్నేయాసియా శరణార్థులు, మెక్సికో వాళ్ళు, ఇంకా ఎక్కడెక్కడి వాళ్ళో అక్కడ చేరారు, జనాభా చూస్తే 11 వేలు. కాలిఫోర్నియాలో యూబా సిటీ వైపు పంజాబీలు వందేళ్ళకి ముందే పొలం పనులకి వెళ్ళారు, అప్పట్లో ఇక్కడి ఆడవాళ్ళు అక్కడికి రావడం కష్టం, చాలామంది మెక్సికన్ అమ్మాయిల్ని చేసుకున్నారు. ఆ పిల్లల్ని ఏ గడిలో వేస్తావు చెప్పు? ఈవిడ చెప్పిన ఊళ్ళో హాస్పిటల్ ఉందన్నావు కదా, మారుమూల ఊళ్ళ హాస్పిటళ్ళకి బయట దేశాల డాక్టర్లు వెళ్ళడం అక్కడ మామూలే.

హోస్ట్: మన దగ్గర ఇట్టాంటి గడుల గోల లేదు కదా, రేస్ అడగరు.

బాబాయ్: రేస్ అడగరు గానీ గడులు మనకీ ఉన్నాయి. మాచర్ల వైపు తండాలకి వెళ్ళు. లంబాడీలు ఇక్కడ ఎస్టీ, అదే మనిషి కర్ణాటకలో పుడితే ఎస్సీ, మహారాష్ట్రలో పుడితే విముక్త జాతుల లిస్టు. ఇంట్లో మాట్లాడేది లంబాడీ, సెన్సస్ పట్టికలో మాత్రం దాన్ని హిందీ కింద కలిపేస్తారు. అంటే పల్నాడులో హిందీ మాట్లాడేవాళ్ళు ఇంతమంది అని చూసి నువ్వు మార్వాడీ షాపులు ఊహించుకుంటే తప్పు. బాపట్ల పక్కన స్టువార్ట్‌పురం ఉంది కదా, 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ వాళ్ళు ఎరుకల కుటుంబాల్ని పెట్టిన సెటిల్‌మెంట్. ఎరుకల భాషని పట్టికలో తమిళం కింద వేస్తారు. ఎరుకల లాంటి కొన్ని జాతుల్లో పుట్టినోళ్ళందరినీ నేరస్తులని రాసిన చట్టం 1952 దాకా ఉంది, ఆ గడిలో పడ్డందుకు తరాల తరబడి ఏమనుభవించారో ఆ ఊరివాళ్ళని అడిగితే చెప్తారు. ఒకడు ఏం గీత గీస్తే దాని కింద ఇంకొకడి బతుకు నలుగుద్ది, అందుకే నేను ఇంత గట్టిగా చెప్తుంటా. 1931 తర్వాత సెన్సస్‌లో అన్ని కులాల లెక్కా బయటపెట్టలేదు, ఇప్పుడు 2027 లెక్కల్లో తీస్తామని కేంద్రం ప్రకటించింది. అప్పుడు మనమూ ఊరి పేరు కొట్టి శాతాలు చూస్తాం.

హోస్ట్: సరే బాబాయ్, ఆ విజయవాడ అమ్మగారికి ఏం చెబుదాం?

బాబాయ్: ఆ పేజీ పక్కన పెట్టి మూడు చూడమను. ఒకటి, పక్కన గంట డ్రైవ్‌లో పెద్ద ఊరు ఏముంది, మనోళ్ళ సరుకుల షాపు, గుడి, అవి ఆ ఊళ్ళో ఉంటాయి. రెండు, స్కూల్ లెక్కలు. ప్రభుత్వ స్కూళ్ళల్లో ఏ రేస్ పిల్లలు ఎంతమందో అక్కడ ఏటా ఇస్తారు, పదేళ్ళకోసారి కాదు. ఊళ్ళో ముసలాళ్ళంతా తెల్లవాళ్ళై ఉండొచ్చు, స్కూల్లో ఒకటో క్లాసు వేరేగా కనపడొచ్చు, ఊరు ఎటు పోతోందో అక్కడ తెలుస్తది. మూడోది అన్నిటికంటే ముఖ్యం, ఆ హాస్పిటల్లో ఇప్పటికే పనిచేస్తున్న బయట దేశపు డాక్టరో నర్సో ఒకళ్ళ నంబర్ ఇమ్మని అమ్మాయినే అడగమను. ఇల్లు అద్దెకి ఇచ్చేటప్పుడు ఎట్టా మాట్లాడారు, రాత్రి డ్యూటీ అయ్యాక ఒంటరిగా నడిచి వస్తారా, ఇట్టాంటివి సూటిగా అడగాలి. అడిగితే చెప్తారు.

హోస్ట్: అమ్మగారూ, విన్నారు కదా. అమ్మాయి మాట్లాడాక ఏం చెప్పారో మాకు ఇంకో మెసేజ్ పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తాం.