వేలు తెగితే ఎన్ని పోగులు?

శ్రోతలకు నమస్కారం. గాజుగ్లాసు తోముతుంటే పగిలి వేలి మొదట్లో కోసుకుపోతుంది. గాయం చిన్నదే, రక్తం కూడా ఆగిపోతుంది. కానీ వేలు మడుద్దామంటే మడత పడదు. లోపల టెండన్ తెగిందన్నమాట.

వేలిని మడిచే కండ ముంజేతిలో ఉంటుంది. దాని లాగుడును వేలికి చేర్చేది టెండన్. అరచేతి పై గీత నుంచి వేలి మధ్య ఎముక దాకా రెండు టెండన్లు ఒకే ఇరుకు గొట్టంలో జారుతుంటాయి. అమెరికన్ సర్జన్ స్టెర్లింగ్ బన్నెల్ ఈ చోటికి ‘నో మ్యాన్స్ ల్యాండ్’ అని పేరు పెట్టారు. ఇక్కడ తెగితే వెంటనే కుట్టొద్దు, చర్మం మూసేసి, తర్వాత వేరేచోటి టెండన్ తెచ్చి వేయండి అనేవారు. 1960లలో స్విట్జర్లాండ్‌లో వెర్డాన్, అమెరికాలో క్లైనర్ట్ అనే సర్జన్లు వెంటనే కుట్టి మంచి ఫలితాలు చూపించాకే ఆ భయం తగ్గింది.

అసలు చిక్కు కుట్టాక మొదలవుతుంది. వేలు కదపకపోతే టెండన్ గొట్టానికి అతుక్కుపోతుంది. కదిపితే కుట్టు తెగుతుందేమోనని టెన్షన్. పోనీ బాగా లావుగా కుడదామా అంటే, ముడిపడ్డ లంగాబొందులా గొట్టంలో ఇరుక్కుంటుంది.

1973లో కెస్లర్ అనే సర్జన్ చెప్పిన కుట్టులో తెగిన చోటును దాటేవి రెండు దారపు పోగులే. థెరపిస్టు మెల్లగా వేలు వంచడానికి అది చాలు. రోగి తన బలంతో ముడవాలంటే నాలుగు పోగులు కావాలి. ఆరు వేస్తే ఇంకా గట్టిదే, కానీ సూది అన్నిసార్లు గుచ్చితే టెండన్ నలుగుతుంది, ఉబ్బుతుంది. నన్నడిగితే చాలామందికి నాలుగు సరిపోతాయి. వాటితోపాటు అంచు చుట్టూ సన్నదారంతో ఒక వరస కుట్టాలి. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. జారుడు నునుపవుతుంది, బలమూ పెరుగుతుంది.

కెనడా సర్జన్ డొనాల్డ్ లాలోండ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో రోగిని మత్తులో నిద్రపుచ్చరు. అడ్రినలిన్ కలిపిన మత్తుమందు చేతికి మాత్రమే ఎక్కిస్తారు, రక్తం రాకుండా కట్టే పట్టీ భుజానికి బిగించరు. కుట్టడం అయ్యాక, చర్మం మూసేముందు, “ఏదమ్మా, వేలు ముడు” అంటారు. ఆమె ముడుస్తుంది. కుట్టు దగ్గర సందు కనబడితే అక్కడే మళ్లీ బిగిస్తారు. గొట్టం అంచు పట్టేస్తుంటే కాస్త కోసి వదులు చేస్తారు.

తర్వాత దాదాపు ఆరు వారాలు చేతికి ఆసరాగా కట్టే స్ప్లింట్. బరువులు మూడు నెలలదాకా వద్దు. ఈలోగా టప్పుమని వేలు మళ్లీ మడత పడటం మానేస్తే, మర్నాటిదాకా ఆగకండి, ఆ రోజే సర్జన్ దగ్గరికి వెళ్లండి.