చీకట్లో స్విచ్ వెతికిన చెయ్యి

శ్రోతలకు నమస్కారం.

ఈమధ్య కొత్త ఇంట్లోకి మారాం. మారిన వారానికి, ఒక రాత్రి నాకు మెలకువ వచ్చింది. లైటు వేద్దామని మంచం దిగి, నాలుగడుగులు వేసి, గోడ మీద చెయ్యి పెట్టాను. స్విచ్ లేదు. కాస్త పైకి తడిమాను. లేదు. కాస్త కిందికి తడిమాను. లేదు. అప్పుడు తట్టింది. ఈ గదిలోనూ తలుపు ఎడమ పక్కనే ఉంది, అచ్చం నేను పెరిగిన ఇంట్లో ఉన్నట్టే. నిద్రమత్తులో నా చెయ్యి ఆ ఇంటి స్విచ్ కోసం వెతుకుతోంది. ఆ ఇల్లు వదిలి ఇరవై ఏళ్లు దాటింది. మధ్యలో మూడు ఇళ్లు మారాను. నేను మరిచిపోయాననే అనుకున్నాను. చెయ్యి మరిచిపోలేదు. లైటు వెయ్యకుండా ఆ గోడకే ఆనుకుని చాలాసేపు నిలబడ్డాను.

1688లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో జోహన్నెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి ఈ బాధకి ఒక పేరు పెట్టాడు. గ్రీకులో ‘నోస్టోస్’ అంటే ఇంటికి తిరిగి రావడం, ‘ఆల్గోస్’ అంటే నొప్పి. రెండూ కలిపి నోస్టాల్జియా. దాన్ని ఆయన జబ్బుగానే లెక్కవేశాడు, రోగిని ఇంటికి పంపితే నయమవుతుందన్నాడు. మనం ‘బెంగపెట్టుకుని జ్వరం తెచ్చుకున్నాడు’ అంటాం చూడండి, అదే.

కానీ పాత ఇంటి మీద బెంగకి ఆ మందు పనిచెయ్యదు. ఒకసారి వెళ్లి చూశాను. వసారా ఇంతేనా అనిపించింది. నేను పరిగెత్తిన వసారా చాలా పొడుగు. నిజానికి వసారా మారలేదు, అప్పుడు నా అడుగులు చిన్నవి. అక్కడ నిలబడితే తెలిసింది, నాకు ఇల్లొక్కటే కాదు, ఆ వయసు కూడా కావాలి. పెద్దవాళ్లయ్యాక అడిగితే, మనుషులకి పదేళ్లకీ ముప్పై ఏళ్లకీ మధ్య సంగతులే ఎక్కువ గుర్తొస్తాయని జ్ఞాపకశక్తి మీద పరిశోధనలు చేసినవాళ్లు చెబుతారు. ఆ ఏళ్లు గడిచిన ఇల్లు అంతగా పట్టుకోవడంలో వింతేముంది?

ఒక్క పని చేసి చూడండి. తెల్ల కాగితం తీసుకుని మీ పాత ఇల్లు గీయండి. బొమ్మ బాగా రాకపోయినా ఫర్వాలేదు. గుమ్మం దగ్గర మొదలుపెట్టండి. తలుపు ఎటు తెరుచుకునేది? కిటికీ ఎక్కడ? ఎవరు ఎక్కడ పడుకునేవారు? ఫొటోల్లో మనుషులుంటారు గానీ ఇవి ఉండవు. మీతో ఆ ఇంట్లో పెరిగినవాళ్లుంటే వాళ్లని వేరే కాగితం మీద గియ్యమనండి. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టుకోండి.

నేనూ అక్కా గీశాం. నేను పూర్తిగా మరిచిపోయిన గూడు ఒకటి అక్క కాగితంలో ఉంది. చూడగానే అందులో నా పలక కనిపించింది, ఓ మూల విరిగిన పలక. మెట్ల దగ్గర మాత్రం మా లెక్క కుదరలేదు. నేను అయిదంటాను, అక్క ఆరంటుంది. రేపు అమ్మకి ఫోన్ చేసి అడుగుతాం.

సెలవు.