పనిలో దెబ్బ తగిలింది, పరిహారం ఇవ్వడం లేదు: ఏం చేయాలి?

[తెర మీద: కట్టు కట్టిన చెయ్యి, వెనకాల ఆగిపోయిన మెషీన్]

నమస్తే. పనిలో చెయ్యి నలిగింది. మొదటిరోజు బిల్లు యజమానే కట్టాడు. ఇప్పుడు పరిహారం అడిగితే "నీ అజాగ్రత్తకి మేమేం చేస్తాం?" అంటున్నాడు. ఆ ఒక్క మాటకే వెనక్కి తగ్గి, క్లెయిమ్ వెయ్యనివాళ్లు ఎందరో. ఈ వీడియో వాళ్లకోసమే.

[తెర మీద: గుర్రబ్బండి బొమ్మ, 1837]

ఇంగ్లండ్‌లో మాంసం కొట్లో పనిచేసే ప్రీస్ట్లీ అనే కుర్రాడికి, సరుకు ఎక్కువైన బండి విరిగి తొడ ఎముక విరిగింది. జ్యూరీ 100 పౌండ్లు ఇమ్మంది. 1837లో పైకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. బండి సంగతి వాడికీ తెలుసు కదా, ఇష్టం లేకపోతే ఎక్కకుండా ఉండాల్సింది అని! ఎంత అన్యాయమో చూడండి.

ఆ ఆలోచనని తిరగేసిన చట్టాలు 1884లో జర్మనీలో, 1897లో బ్రిటన్‌లో, 1923లో మన దేశంలో వచ్చాయి. వీటి మూలసూత్రం ఒకటే: తప్పెవరిదని కాదు, దెబ్బ పనివల్ల తగిలిందా అన్నదే ప్రశ్న. తాగి ఉండటం, కావాలని గాయం చేసుకోవడం లాంటి మినహాయింపులు చాలా చట్టాల్లో ఉంటాయి. మామూలు పొరపాటు వాటిలోకి రాదు.

[తెర మీద: ఆసుపత్రి చీటీ, దగ్గరగా]

అన్నిటికన్నా ముఖ్యం ఈ చీటీ. "కింద పడ్డాడు" అని మాత్రమే రాస్తే చాలదు. "పని చేస్తుండగా మెషీన్‌లో చెయ్యి పడింది" అని రాయించండి. యజమాని మనిషి వెంట వచ్చి, "ఇంట్లో జారిపడ్డానని చెప్పు, ఖర్చు మేం చూసుకుంటాం" అనొచ్చు. ఒప్పుకోకండి. తర్వాత ఆ మాటే మీమీద సాక్ష్యమవుతుంది.

అపాయింట్‌మెంట్ లెటర్ లేదా? బ్యాంకులో పడ్డ జీతం, గేట్ పాస్, సూపర్‌వైజర్ పంపిన వాట్సాప్ మెసేజ్‌లు కూడా పనికొస్తాయి. ప్రమాదం సంగతి యజమానికి రాతలో తెలియజేసి, నకలు దగ్గర పెట్టుకోండి. "మాట్లాడుకుందాం, ఆగు" అంటుంటే కేసు వేయాల్సిన గడువు మాత్రం ఆగదు. అది దేశాన్నిబట్టి మారుతుంది, ముందే కనుక్కోండి. వైకల్యం ఎంతో డాక్టరు తేల్చకముందే "మొత్తం ముట్టింది" అన్న కాగితం మీద సంతకం పెట్టకండి.

[తెర మీద: ఆర్డర్ కాపీ]

కేసులో పరిహారం ఇమ్మని ఆర్డర్ వచ్చాక కూడా యజమాని డబ్బు ఇవ్వకపోతే వసూలు కోసం దరఖాస్తు పెట్టాలి. చాలాచోట్ల ఆలస్యానికి వడ్డీ వస్తుంది, ఆస్తి జప్తు కూడా చేయించవచ్చు. యజమానికి బీమా ఉంటే, ఆ కంపెనీని కూడా కేసులో చేర్చవచ్చేమో లాయర్‌ని మొదటే అడగండి.