గ్యాస్ హాబ్, చిమ్నీ కొనేముందు: గొట్టం దారి నుంచి మొదలుపెడదాం

నమస్తే అండి. ఈ రోజు నా ముందు రెండు వస్తువులున్నాయి: నాలుగు బర్నర్ల గ్యాస్ హాబ్ (అంటే గట్టు రాయిలో దించి బిగించే స్టవ్), దాని పైన బిగించే చిమ్నీ. మామూలుగా అందరూ స్టవ్ ముందు కొంటారు. అలమరాలు, టైల్స్ అన్నీ అయ్యాక, నూనె జిడ్డు గోడకి పట్టడం మొదలయ్యాక అప్పుడు చిమ్నీ సంగతి గుర్తొస్తుంది. ఈ వీడియోలో నేను వెనక నుంచి వస్తాను. ముందు చిమ్నీ. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, చిమ్నీ కన్నా ముందు దాని గొట్టం.

షోరూంలో అందరం అడిగే ప్రశ్న ఒకటే: "సక్షన్ ఎంత?" డబ్బా మీద 1200 అనో 1400 అనో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది గంటకు ఎన్ని క్యూబిక్ మీటర్ల గాలి లాగుతుందనే లెక్క. అయితే ఆ అంకె చాలాసార్లు గొట్టం తగిలించకుండా, అడ్డేమీ లేకుండా కొలిచింది. మీ ఇంట్లో దానికి గొట్టం ఉంటుంది, ఆ గొట్టానికి వంపులుంటాయి, చివర జాలీ ఉంటుంది. ఒక్కొక్కటీ కొంత కొంత తినేస్తుంది.

ఇదిగో, చిమ్నీ పైన గాలి బయటికి వెళ్లే రంధ్రం చూడండి. 150 మిల్లీమీటర్లు. ఫిట్టింగ్‌కి వచ్చినవాళ్లు "గోడలో 100 మిల్లీమీటర్ల బొక్కే ఉంది, రెడ్యూసర్ వేసేస్తాం" అంటే, అంటే గొట్టాన్ని సన్నబరిచే ముక్క తగిలిస్తామంటే, ఒప్పుకోకండి. అంకెల్లో 50 తగ్గినట్టే కనిపిస్తుంది గానీ గాలి వెళ్లే దారి రెండింతలకు పైగా ఇరుకైపోతుంది. అదే మోటారు, అదే కరెంటు. పొగ వెళ్లేది తక్కువ, చప్పుడు మాత్రం ఎక్కువ. ముడతలు ముడతలుగా ఉండే అల్యూమినియం గొట్టం వాడితే దాన్ని బిగుతుగా సాగదీసి వేయించండి. మిగిలింది పైన అలమరాలో చుట్టి దాచేస్తే గాలి ఆ ముడతల్లోనే తిరుగుతుంది. వీలైతే లోపల నున్నగా ఉండే గట్టి గొట్టం వేయించుకోండి, వంపులు రెండుకి మించకుండా చూసుకోండి. బయటి చివర తనంతట తాను మూసుకునే రేకు మూత ఉండాలి, లేకపోతే గాలివాన వచ్చినప్పుడు గాలీ వానా ఇంట్లోకే వస్తాయి.

మరి మనకి ఎంత సక్షన్ కావాలి? గ్యాస్ స్టవ్‌కి వాడుకలో ఉన్న ఒక లెక్క ఉంది. బర్నర్ల మొత్తం శక్తిని కిలోవాట్లలో కూడి, ఒక్కో కిలోవాట్‌కి గంటకు సుమారు 58 క్యూబిక్ మీటర్లు వేసుకోవాలి. ఈ హాబ్‌లో చిన్న బర్నర్ 1 కిలోవాట్, మధ్యవి రెండూ 1.75 చొప్పున, పెద్దది 3. మొత్తం 7.5. అంటే 435 దగ్గర. అదీ గొట్టం తగిలించాక నిజంగా అందాల్సిన అంకె. కాబట్టి దారి బాగున్న ఇంట్లో మామూలు చిమ్నీ చాలు, దారి బాగోలేని ఇంట్లో 1400 కొన్నా టెన్షన్ తప్పదు.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష. టిష్యూ పేపర్ ఫిల్టర్‌కి అంటించి "ఆహా, ఎలా పట్టుకుందో చూడండి" అంటారు కదా, నాకు దాని మీద నమ్మకం లేదు. పేపర్‌ని పట్టుకోవడానికి పెద్ద బలమేం అక్కర్లేదు. నేను చేసేది ఇది. ముందు వరసలో ఉన్న పెద్ద బర్నర్ మీద వెడల్పు గిన్నెలో నీళ్లు మరిగిస్తున్నాను. లైట్లు ఆపేసి పక్క నుంచి టార్చ్ వేస్తున్నాను. చూడండి, ఆవిరి నిటారుగా లేచింది, చిమ్నీ అంచు దగ్గరికి వచ్చేసరికి ముందుకు వంగి, అంచు దాటి ఇటు నా మొహం వైపు వస్తోంది. అదే గిన్నె వెనక బర్నర్ మీదకి మార్చాను. ఇప్పుడు దాదాపు అంతా లోపలికే పోతోంది. మోటారు స్పీడ్ మార్చలేదు, ఏమీ మార్చలేదు.

ఇది ఈ ఒక్క మోడల్ సంగతి కాదు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ నేషనల్ లేబొరేటరీ వాళ్లు ఇళ్లల్లో బిగించి ఉన్న చిమ్నీలని కొలిచి చూస్తే, బర్నర్ల నుంచి లేచే పొగలో కొన్ని 15 శాతం కూడా పట్టుకోలేదు, కొన్ని 98 శాతం దాటాయి. వెనక బర్నర్ల మీద ఫలితం మెరుగ్గా వచ్చింది. అందుకే చిమ్నీ వెడల్పు కనీసం స్టవ్ వెడల్పంత ఉండాలి, ఒక సైజు ఎక్కువైతే ఇంకా మంచిది. అందరూ వెడల్పే చూస్తారు, గోడ నుంచి ముందుకు ఎంత వస్తుందో చూడరు. ముందు బర్నర్ల మీదికి రాని చిమ్నీ ఎంత అందంగా ఉన్నా నేను మార్కులు వెయ్యను. ఏటవాలు గాజు మోడళ్లలో చాలావాటికి ఇదే లోపం.

గొట్టం లేని చిమ్నీల గురించి రెండు మాటలు. గాలిని కార్బన్ ఫిల్టర్ గుండా పంపి మళ్లీ వంటగదిలోకే వదులుతాయి. వాసన కొంత తగ్గుతుంది. వేడి, తేమ అక్కడే ఉంటాయి. గ్యాస్ మండినప్పుడు వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్‌కి కూడా ఈ ఫిల్టర్ మీద ఆధారపడలేం, మంట సరిగ్గా లేకపోతే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌ని అయితే అది అసలు ఆపదు. నైట్రోజన్ డయాక్సైడ్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఏడాది సగటు పరిమితిని క్యూబిక్ మీటర్ గాలికి 40 మైక్రోగ్రాముల నుంచి 10కి తగ్గించింది. దాన్నిబట్టి ఆలోచించండి. గ్యాస్ మీద వండేవాళ్లకి నేనైతే ఇది వద్దంటాను. గొట్టానికి దారే లేకపోతే ఆ డబ్బుతో కిటికీలో మంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించుకోండి.

ఇంకొకటి. చిమ్నీ బయటికి పంపినంత గాలి ఎక్కడి నుంచో లోపలికి రావాలి. తలుపులు, కిటికీలు అన్నీ బిగించేస్తే మోటారు అరుస్తుంది, పని జరగదు. పొగ గొట్టం ఉన్న గ్యాస్ గీజర్ దగ్గర్లో ఉంటే మరీ ప్రమాదం, బయటికి పోవాల్సిన దాని పొగని చిమ్నీ వెనక్కి లాగెయ్యగలదు. వంటగది కిటికీ కాస్త తెరిచే ఉంచండి.

ఫిల్టర్లా? బాఫిల్ తీసుకోండి, అంటే వంపు తిరిగిన స్టీల్ పలకలుండేది, కడగడం తేలిక. జాలీది జిడ్డు పట్టి త్వరగా మూసుకుపోతుంది. ఆటో క్లీన్ అంటే వేడికి జిడ్డు కరిగి కింద కప్పులోకి కారడమే. కప్పు ఖాళీ చెయ్యాల్సింది మనమే, బయట తుడవాల్సిందీ మనమే.

ఇప్పుడు హాబ్. మొదట అడగాల్సింది బర్నర్ల సంఖ్య కాదు, జెట్లు, అంటే బర్నర్‌లోకి గ్యాస్ వదిలే సన్నని రంధ్రమున్న ముక్కలు, ఏ గ్యాస్‌కి వేశారని. సిలిండర్‌లో వచ్చే ఎల్‌పీజీకి చిన్న రంధ్రం చాలు, పైపులో వచ్చే నేచురల్ గ్యాస్‌కి పెద్దది కావాలి. నేచురల్ గ్యాస్ జెట్లున్న స్టవ్‌కి ఎల్‌పీజీ తగిలిస్తే మంట ఎగిసిపడుతుంది. మార్చడం మెకానిక్ పని, మనం పిన్ను పెట్టి గెలికే పని కాదు. మంట నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపు రంగులో సాగుతూ గిన్నె అడుగున మసి పడుతుంటే గ్యాస్ సరిగ్గా మండట్లేదని అర్థం.

దగ్గరగా చూపిస్తాను, బర్నర్ పక్కన ఈ చిన్న కడ్డీ కనిపిస్తోందా? థర్మోకపుల్. మంట వేడికి ఇందులో కొన్ని మిల్లీవోల్టుల కరెంటు పుడుతుంది, అదే లోపల వాల్వ్‌ని తెరిచి పట్టుకుంటుంది. అందుకే వెలిగించాక నాబ్‌ని కొద్ది సెకన్లు నొక్కి ఉంచాలి. ఇప్పుడు మంట ఊదేస్తున్నాను... ఆగండి... "టక్". విన్నారా? కడ్డీ చల్లారింది, గ్యాస్ ఆగిపోయింది. పాలు పొంగి మంట ఆరిపోయినా ఇదే జరుగుతుంది. ఇది లేని హాబ్‌ని నేను ఎవరికీ చెప్పను. ఇత్తడి బర్నర్, ఇనప స్టాండ్, గాజు మందం అన్నీ దీని తర్వాతే.

గాజు పలక విషయంలో ఒక్క జాగ్రత్త. ఇది టఫెన్డ్ గాజు, ఇండక్షన్ స్టవ్ మీద ఉండే సెరామిక్ గాజు కాదు. బర్నర్‌కన్నా బాగా వెడల్పైన గిన్నె పెట్టి గంటలకొద్దీ పెద్ద మంట మీద ఉంచితే వేడంతా కిందికి కొట్టి గాజు పగిలిపోవచ్చు. పెద్ద గిన్నెలతో వండే ఇంటికి స్టీల్ పలకే నా ఓటు.

గ్యాస్ వాసన వచ్చిందంటే "లాగేస్తుందిలే" అని చిమ్నీ వెయ్యకండి. స్విచ్‌లో పుట్టే నిప్పురవ్వ చాలు. పైగా ఎల్‌పీజీ గాలికన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది, పైనున్న చిమ్నీకి అందదు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, ఏ స్విచ్చూ ముట్టుకోకుండా బయటికి రండి.

ఇక కొలతలు. గ్యాస్ స్టవ్‌కి, చిమ్నీకి మధ్య మామూలుగా 65 నుంచి 75 సెంటీమీటర్లు ఉంచుతారు. మీ మోడల్ మాన్యువల్‌లో ఎంతుంటే అంత, అంతకన్నా కిందికి వద్దు. గట్టు రాయి మాత్రం హాబ్ ఇంటికొచ్చాకే కోయించండి. కటౌట్, అంటే హాబ్ దిగడానికి రాయిలో కోసే ఖాళీ, దాని కొలత మోడల్‌కీ మోడల్‌కీ మారుతుంది, కోసిన రాయిని మళ్లీ అతికించలేం.