స్టెరాయిడ్ అనగానే ఆ సూది వద్దనకండి!

"నొప్పులు తగ్గాయిగా, ఇంక స్టెరాయిడ్ సూది ఎందుకు, బిడ్డకి మంచిది కాదు" అంటూ, నెలలు నిండకుండానే కాన్పు నొప్పులొచ్చిన తల్లుల గురించి వాట్సాప్‌లో తిరుగుతున్న ఆడియో మీకూ వచ్చే ఉంటుంది. మా బెజవాడ గ్రూపుల్లోనే నాకు నాలుగుసార్లు వచ్చింది. విన్న ప్రతిసారీ ఒళ్లు మండిపోతోంది!

నొప్పులు ఆపే మందు వేరు, బిడ్డ ఊపిరికి ఇచ్చే మందు వేరు. నిఫెడిపిన్ బిళ్ల గర్భసంచి బిగుసుకోకుండా చూస్తుంది, అంతే. మనకి దక్కేది ఓ రెండు రోజుల టైము. ఆ రెండు రోజుల్లో ఊపిరితిత్తుల్ని పక్వానికి తెచ్చేది డెక్సామెథసోనో, బీటామెథసోనో. స్టెరాయిడే!

ఇదిగో, ఈ పాలిథిన్ కవరు చూడండి. లోపల తడి చేశాను. గోడలు రెండూ అతుక్కుపోయాయి, ఎంత ఊదినా విడట్లేదు. నెలలు నిండని బిడ్డ గాలిగదులూ ఇంతే, ఊపిరి వదిలినప్పుడల్లా అతుక్కుంటాయి. అలా కాకుండా కాపాడే సన్నని కొవ్వు పూతే సర్ఫాక్టెంట్. అది తయారుచేసే కణాల్ని ఆ సూది తొందరపెడుతుంది.

ఇదేమన్నా నిన్నటి మందా? 1969లో న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్ అనే డాక్టరు గొర్రెల మీద పనిచేస్తుంటే, కడుపులో ఉండగానే స్టెరాయిడ్ అందిన గొర్రెపిల్ల, బతకకూడనంత ముందు పుట్టినా ఊపిరి పీల్చింది. 1972లో పిల్లల డాక్టరు హోవీతో కలిసి తల్లుల మీద ఫలితం చూపించాడు.

మా చెల్లికి 31వ వారంలో నొప్పులొచ్చాయి. ఒక నర్సింగ్ హోమ్‌లో బిళ్ల ఇచ్చి, తగ్గాయని ఇంటికి పంపేశారు. సూది ఊసే లేదు! మూడో రాత్రి గుంటూరులో కాన్పు. గుప్పెడంత పిల్ల, ఊపిరికోసారి డొక్కలు లోపలికి పోతూ, సన్నగా మూలుగుతూ... ఆ మూలుగు నా చెవుల్లోంచి పోలేదు.

అన్నట్టు, "ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు" అంటారే, అది శుద్ధ అబద్ధం. కడుపులో ఎన్నాళ్లుంటే అంత బలం.

నన్నడిగితే తప్పంతా పేరుది. జిమ్ కుర్రాళ్లు వేసుకునే స్టెరాయిడ్ వేరే జాతి. దీన్ని "ఊపిరి సూది" అనుంటే ఏ అత్తగారూ అడ్డుపడేది కాదు!

24 నుంచి 34 వారాల మధ్య నొప్పులొస్తే డెక్సా 6 మిల్లీగ్రాములు, 12 గంటలకోసారి, నాలుగు సూదులు. షుగరుంటే డాక్టరుకి ముందే చెప్పండి. పెద్దాసుపత్రికి పంపేముందు ఏఎన్ఎం కూడా మొదటి సూది వేయొచ్చని 2014లోనే కేంద్రం చెప్పింది. అంబులెన్స్ ఎక్కించేముందు అడగండమ్మా: "ఊపిరి సూది పడిందా?"