ఇంట్లో ఖాళీగానే ఉంటుందండీ

శ్రోతలకు నమస్కారం.

గుంటూరులో ముప్పై ఏళ్ళ పాటు డిగ్రీ పిల్లలకు సోషియాలజీ చెప్పాను. ఏటా సెకండియర్ వాళ్ళకు ఒక సర్వే పని ఇచ్చేదాన్ని. తలా పది ఇళ్ళకు వెళ్ళి, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, ఎవరు ఏం పని చేస్తారు అని రాసుకు రమ్మనేదాన్ని. ఆ కాగితాలు దిద్దుతుంటే ఒకే మాట మళ్ళీ మళ్ళీ తగిలేది. భర్త ఆటో డ్రైవర్, భార్య ఖాళీ. భర్త బ్యాంకు ఉద్యోగి, భార్య ఖాళీ. ఒకసారి బ్రాడీపేటలో ఒక ఇంటికి పిల్లలతో పాటు నేనూ వెళ్ళాను. ఇంటాయన మర్యాదగా కుర్చీలు వేయించి, "మా ఆవిడ ఏం చెయ్యదండీ, ఇంట్లో ఖాళీగానే ఉంటుంది" అన్నారు. ఆయన అంటూండగానే లోపల కుక్కర్ కూత పెట్టింది. ఆవిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, మా నలుగురికీ మంచినీళ్ళు ఇచ్చి, ఆయన బీపీ బిళ్ళ ఆయన చేతిలో పెట్టి, మేడ మీద ఆరేసిన బట్టలు తీసుకురావడానికి వెళ్ళింది. మా కుర్రాడు తల వంచుకుని 'ఖాళీ' అని రాసేశాడు.

ఆయన చెడ్డ మనిషేమీ కాదు. భార్యను పల్లెత్తు మాట అని ఉండరు కూడా. పైగా ఆవిడనే అడిగినా అదే చెప్పేది, "నేనేం చేస్తానమ్మా, ఇంట్లోనే" అని. ఒక్క ఇంటి కాగితం చూస్తే అది ఆ ఇంటి అలవాటు. నలభై మంది పిల్లలు తెచ్చిన నాలుగు వందల కాగితాలు కట్టగట్టి చూస్తే అది అలవాటు అనిపించుకోదు. సి. రైట్ మిల్స్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1959లో చెప్పిన ముఖ్యమైన సంగతి ఇదే. ఒక మనిషి తన సొంత గోల అనుకునేది లక్షల ఇళ్ళలో ఒకే తీరుగా ఉంటే, దానికి కారణం ఆ మనిషి స్వభావంలో వెతకొద్దు, సమాజం కట్టుబడిలో వెతకండి అన్నాడాయన.

మా కుర్రాణ్ణి ఒక్కణ్ణీ తప్పు పట్టలేను లెండి. సర్కారు వారి కాగితమూ అలాగే ఉండేది. 2001 జనాభా లెక్కల్లో ఇంటిపని చేసుకునే ఆడవాళ్ళను పనిచేయనివాళ్ళ ఖాతాలో, బిచ్చగాళ్ళూ ఖైదీల సరసన చేర్చారు. 2010లో ఒక ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి ఎత్తి చూపి గట్టిగానే మందలించింది. మళ్ళీ 2021 జనవరిలో, ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో చనిపోయిన దంపతుల కేసు వచ్చింది. ఆ ఇల్లాలి సంపాదనను ఎంతగా లెక్కకట్టాలి అన్న ప్రశ్న మీద విడిగా కొన్ని పేజీలు రాసిన జడ్జి మన కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణ గారు. ఇంటిపనే తమ ముఖ్యమైన పని అని 2011 జనాభా లెక్కల్లో చెప్పుకున్న ఆడవాళ్ళు దాదాపు 16 కోట్లనీ, మగవాళ్ళు 58 లక్షల లోపేననీ ఆయన గుర్తుచేశారు. ఖాళీగా ఉండే మనిషి పనికి ఖరీదు కట్టే ప్రసక్తి రావాలంటే ఆ మనిషి రోడ్డు మీద ప్రాణం పోగొట్టుకోవాల్సి వస్తోంది, చూడండి.

ఆ ఖాళీ ఎంతో గడియారంతో కొలిచిన లెక్కలూ ఉన్నాయి. కేంద్ర గణాంక శాఖ 2019లో దేశమంతా కాల వినియోగ సర్వే చేసింది. ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్ళు 97 నిమిషాలు. ఆ 97 చూసి మగవాళ్ళు మరీ మురిసిపోవద్దు. అది ఎంతో కొంత ఇంటిపని చేసిన మగవాళ్ళ సగటు, అలాంటివాళ్ళు నూటికి 26 మందే. 2024లో మళ్ళీ చేశారు. ఆడవాళ్ళ లెక్క 289కి దిగింది, పది నిమిషాలు తగ్గింది. మగవాళ్ళది 88కి దిగింది, అక్కడా తొమ్మిది తగ్గాయి. ఐదేళ్ళలో అటూ ఇటూ మారింది అంతే.

ఇలా ఎందుకుంది అంటే, టాల్కాట్ పార్సన్స్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1950లలో ఒక జవాబు చెప్పాడు. మగవాడు బయటికి వెళ్ళి సంపాదించి తెస్తాడు, ఆడది ఇంట్లో ఆప్యాయత పంచుతుంది, ఈ పంపకం వల్లే కుటుంబం నిలబడుతుంది అని. క్లాసులో ఇది చెప్పినప్పుడల్లా తెనాలి వైపు పల్లెల నుంచి వచ్చే పిల్లలు మొహమొహాలు చూసుకునేవాళ్ళు. వాళ్ళ అమ్మలు మోకాలి లోతు బురదలో వంగి నాట్లు వేసి, ఆ సాయంత్రమే పొయ్యి దగ్గర ఆప్యాయత పంచేవాళ్ళు. అమెరికాలో మధ్యతరగతి ఇంటిని చూసి చెప్పిన మాట మన చేలగట్ల మీద నిలవదు. పార్సన్స్‌ను ఇంతటితో వదిలేద్దాం.

నాకు నచ్చిన పని ఆన్ ఓక్లీ అనే ఇంగ్లీషావిడది. అందరూ ఫ్యాక్టరీ కార్మికుల మీద పరిశోధనలు చేస్తున్న కాలంలో ఆవిడ లండన్‌లో 40 మంది గృహిణులను కూర్చోబెట్టి, కార్మికులను అడిగే ప్రశ్నలే అడిగింది. ఎన్ని గంటలు చేస్తారు, ఏది విసుగు, ఎవరు తొందర పెడతారు అని. 1974లో ఫలితాలు అచ్చయ్యాయి. వారానికి సగటున 77 గంటలు! విసుగు విషయంలో కార్ల ఫ్యాక్టరీ వాళ్ళను మించిపోయారు. ప్రేమ అని పేరు పెట్టుకున్న దాన్ని పనిగా కొలవడం ఏమిటని అప్పట్లో చాలామందికి వింతగా అనిపించింది. కొలిచాకే అది పని అని తెలిసింది.

సరే, డబ్బు వచ్చే పనిలోకి దిగితే ఆడవాళ్ళ కష్టం కనబడుతుందా? గుంటూరు వాళ్ళం కాబట్టి మిర్చి దగ్గరే చూద్దాం. సీజన్‌లో కోల్డ్ స్టోరేజీల వైపు వెళ్తే షెడ్ల కింద ఎర్రటి కాయల కుప్పలు కనబడతాయి, ఒక్కో కుప్ప చుట్టూ ఏడెనిమిది మంది ఆడవాళ్ళు. ముక్కుకీ నోటికీ కొంగు బిగించి, కాయ అందుకుని, బొటనవేలి గోటితో తొడిమ విరిచి, తాలు కాయ ఒకవైపు, మంచి కాయ ఒకవైపు. చూస్తుంటే చెయ్యి కదిలినట్టే ఉండదు, కుప్ప మాత్రం తరిగిపోతుంటుంది. నేనూ ఒకావిడ పక్కన కూర్చుని ప్రయత్నించాను. పావుగంటకే వేళ్ళ కొసలు మండాయి. మరిచిపోయి కంటి కింద చెమట తుడుచుకున్నాను, ఇక నా అవస్థ చెప్పక్కర్లేదు. ఆవిడ నవ్వి, "చెమట భుజంతో తుడుచుకోవాలి మేడమ్ గారూ, చేత్తో కాదు" అంది. రాత్రి కొబ్బరినూనె రాసుకున్నా మంట పోదట. చంటాడి మొహం కడగాలంటే తన చెయ్యి తగలకుండా పెద్దపిల్లను పిలుస్తుందట. ఆ పెద్దపిల్లకు తొమ్మిదేళ్ళు.

అదే ఆవరణలో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే హమాలీలు ఉన్నారు. వాళ్ళది నడుం విరిగే కష్టం, ఎవరూ కాదనరు. ఆ కష్టానికి టిక్కీకి ఇంత అని రేటు ఉంది, ముఠా ఉంది, గిట్టకపోతే పని ఆపి కూర్చునే బలం ఉంది. ఈ ఆడవాళ్ళకు మేస్త్రి ఎంత అంటే అంత. ఎందుకలా అని అక్కడి గుమస్తాను అడిగాను. "అది చేతిపని కదండీ, కూర్చుని చేసేదే. ఆడవాళ్ళకు వేళ్ళు చురుగ్గా ఆడతాయి, ఓపికెక్కువ. పుట్టుకతో వచ్చిందే కదా" అన్నాడు. కూర్చుని చేసే పని అంటే గుమస్తా గారిది కూడా అంతే. ఆ మాట పైకి అనలేదు, అప్పటికే ఆయన మాకు టీ చెప్పాడు.

ఆ 'పుట్టుకతో' అన్న మాట దగ్గర ఆగాలి. డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1981లో ఆసియా, లాటిన్ అమెరికా దేశాల్లో ఎగుమతి సరుకు తయారుచేసే ఫ్యాక్టరీల గురించి రాశారు. అక్కడి యజమానులూ అచ్చం ఇదే చెప్పేవాళ్ళు, ఆడపిల్లల వేళ్ళు సహజంగానే చురుకు అని. ఆ చురుకు సహజం కాదు, చిన్నప్పటి నుంచి కుట్టుపనీ వంటపనీ చేయించి ఇంట్లో అమ్మలు ఇచ్చిన శిక్షణ అది అని వాళ్ళు తేల్చారు. మగపిల్లాడు మోటారు బాగుచేయడం ఆటోనగర్‌లో నాలుగేళ్ళు నేర్చుకుంటే మెకానిక్ అంటాం, నైపుణ్యం అంటాం, రేటు ఇస్తాం. ఆడపిల్ల వంటింట్లో పదేళ్ళు నేర్చుకున్న దానికి సర్టిఫికెట్ లేదు, కాబట్టి అది పుట్టుక. పుట్టుకతో వచ్చిన దానికి డబ్బెందుకు ఇవ్వాలి? ఇంట్లో కనబడని పని, బజారుకొచ్చాక చవక పని అవుతోంది. సమాన పనికి సమాన వేతనం అని 1976లో చట్టం తెచ్చారు కదా అంటారు. నిజమే. కానీ హమాలీ పనికీ తొడిమ పనికీ పేర్లే వేరు. సమానమని ఎవరు తేలుస్తారు?

ఇదే వంట చూడండి. ఇంట్లో అయితే ఆడవాళ్ళ పని. విజయవాడలో ఏ పెద్ద పెళ్ళికైనా వెళ్ళండి, గాడిపొయ్యి దగ్గర గరిట తిప్పేది వంట మాస్టరే, ఆయన అసిస్టెంట్లూ మగవాళ్ళే. ఆడవాళ్ళుంటే కూరలు తరగడానికీ గిన్నెలు తోమడానికీ.

మరి ఇళ్ళల్లో చేసే మగవాళ్ళు లేరా? ఉన్నారు. మా అపార్ట్‌మెంట్‌లో పై ఫ్లోర్ అబ్బాయి గుత్తివంకాయ చేస్తే లిఫ్ట్ దాకా వాసన వస్తుంది. వాళ్ళమ్మ ఊరి నుంచి దిగిందంటే మాత్రం నాలుగు రోజులు సోఫా దిగడు. "ఒక టీ ఇస్తావా" అని కేకేస్తాడు, అతని భార్యా నవ్వుకుంటూ తెచ్చిస్తుంది. అత్తగారు వెళ్ళాక గరిట మళ్ళీ అతని చేతికి. కాండస్ వెస్ట్, డాన్ జిమ్మర్మన్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 1987లో చెప్పింది ఇలాంటి దాని గురించే. ఆడతనం, మగతనం మన లోపల దాచుకున్న సరుకు కాదు, నలుగురి ముందు రోజూ చేసి చూపించాల్సిన పని అన్నారు. చూపించకపోతే జనం లెక్క అడుగుతారు. అత్తగారు ఆ లెక్క అడగడానికే వస్తుందని ఇద్దరికీ తెలుసు.

మాటల్లో మాట, మన తెలుగు సంగతి. బస్సు వచ్చింది, కుక్క వచ్చింది, అక్క వచ్చింది. అన్న మాత్రం వచ్చాడు. ఏటా ఎవరో ఒక పిల్ల, "మేడమ్, అసలు గొడవంతా ఇక్కడే ఉంది" అనేది. అంత తేలిక కాదమ్మా అనేదాన్ని. పక్కనే తమిళానికీ కన్నడానికీ ఆడవాళ్ళకు విడిగా క్రియ ఉంది, అక్కడేమీ మగవాళ్ళు అంట్లు తోమేయడం లేదు.

ఆస్తి సంగతి చెప్పకపోతే మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ ఊరుకోడు. ఆడదాని లోకువకు మూలం ఆస్తి మగవాడి చేతికి పోవడంలో ఉందని 1884లోనే రాశాడాయన. మన దగ్గర, 1985 సెప్టెంబరు నాటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు ఉంటుందని, ఆ నెల నుంచే వర్తించేలా ఎన్టీఆర్ ప్రభుత్వం చట్టం చేసింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. హక్కు వచ్చింది, దాంతో పాటు రిజిస్ట్రార్ ఆఫీసుకు అక్కచెల్లెళ్ళను కారులో తీసుకెళ్ళడమూ వచ్చింది. మా బంధువుల్లో ఒకావిడ అలా వెళ్ళి, తన వాటా వదులుకుంటూ సంతకం పెట్టి, అన్న పెట్టిన పట్టుచీరతో తిరిగొచ్చింది. ఎందుకు పెట్టావే అంటే, "పెట్టకపోతే పుట్టిల్లు ఉండదు కదక్కా" అంది. ఆవిడ లెక్క ఆవిడది. అందులో తెలివితక్కువతనం ఏమీ లేదు.

రిటైరయ్యే ముందు ఏడాది సర్వే కాగితంలో ఒక్క ప్రశ్న మార్చాను. ఏం పని చేస్తారు అని అడగొద్దు, నిన్న పొద్దున ఎన్నింటికి లేచారు, ఆ తర్వాత ఏం చేశారు, ఆ తర్వాత ఏం చేశారు అని పడుకునేదాకా అడగండి అన్నాను. ఒక కుర్రాడు వాళ్ళమ్మతోనే మొదలుపెట్టాడు. రెండు పేజీలు నిండినా ఆవిడ రోజు మధ్యాహ్నం మూడు దాటలేదు. "ఇవన్నీ కూడా రాస్తార్రా?" అని అడిగిందట. నాన్న కాలమ్ నాలుగు లైన్లలో అయిపోయిందని, ఆయన చూసి ఇంకేమన్నా రాయమని అడిగారని చెప్పాడు.

2027 జనాభా లెక్కలకు మన ఇళ్ళకూ మనుషులు వస్తారు. సాధారణంగా తలుపు తీసి కుర్చీ వేసేది ఆయన. ఆవిడ లోపల కుక్కర్ దగ్గర ఉంటుంది. ఈసారి ఆ ప్రశ్న వచ్చినప్పుడు ఆవిణ్ణి ఒకసారి ఇవతలికి పిలవండి.

నమస్కారం.